ఊద్ పరిమళం: స్వభావం, వాడకం, మన బాధ్యత

సుగంధమంటే దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)కు ఎంతో ప్రీతి. ఎవరైనా సుగంధం కానుకగా ఇస్తే ఆయన కాదనేవారు కారని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. మోయడానికి తేలిక, వాసనకు ఇంపు కాబట్టి దానిని తిరస్కరించవద్దని ఆయన తన అనుచరులకు బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). జుమా రోజు స్నానం చేసి, ఉన్నంతలో పరిశుభ్రంగా తయారై, ఇంట్లో ఉన్న సుగంధం పూసుకొని మస్జిదుకు వెళ్ళడం ఎంత పుణ్యకార్యమో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది.

మన ఇళ్ళల్లో అత్తరు అంటే ఒకప్పుడు గులాబీ, మల్లె, ఖస్, మజ్మూఆ. ఇప్పుడు వాటి సరసన ఊద్ వచ్చి చేరింది. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల సోదరులు సెలవుకు వచ్చేటప్పుడు పెట్టెలో ఒక చిన్న సీసా, నాలుగు ఊద్ చెక్కలు తప్పకుండా తెస్తున్నారు. హైదరాబాదులో చార్మినార్, పత్తర్‌గట్టి ప్రాంతాల అత్తరు దుకాణాల్లో రకరకాల ఊద్ సీసాలు వరుసగా కనిపిస్తాయి. అయితే ఊద్ విషయంలో రెండు ప్రశ్నలు తరచూ వినిపిస్తున్నాయి. దీనిని వాడటం సున్నతేనా? ఇంత డబ్బు పోసి కొంటున్నది అసలుదేనా? ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే ముందు ఊద్ అంటే ఏమిటో, దాని వాసన నడక ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

ఊద్ అంటే ఏది?

అరబీలో 'ఊద్' అంటే కట్టె అని అర్థం. సుగంధం విషయంలో ఆ మాటకు అగరు కట్టె అని అర్థం. అగరు అన్న పేరు మనకు కొత్తది కాదు. అగరువత్తి అన్న మాట దాని నుంచే వచ్చింది. ఊదుబత్తి అన్న మాటలోనూ ఊద్ ఉంది. పేరులో ఉంది కదా అని వస్తువులో ఉంటుందనుకోకూడదు. బజారులో దొరికే మామూలు వత్తుల్లో అగరు ఉండదు. మన ఊళ్ళలో కిరాణా కొట్టుకు వెళ్ళి ఊదు కావాలని అడిగితే చాలాచోట్ల సాంబ్రాణి పొట్లం కట్టి ఇస్తారు. సాంబ్రాణి మంచిదే, కాని అది వేరే చెట్టు బంక.

అగరు చెట్లు అస్సాం, త్రిపుర, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం మొదలుకొని మయన్మార్, థాయిలాండ్, కంబోడియా, వియత్నాం, మలేషియా, ఇండోనేషియా దాకా పెరుగుతాయి. శాస్త్రజ్ఞులు వీటిని ఆక్విలేరియా జాతి అంటారు. అస్సాంలో సాంచి చెట్టు అంటారు. పూర్వం అక్కడ దీని బెరడును శుద్ధిచేసి గ్రంథాలు రాసుకునేవారు. వింత ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టును నరికితే లోపల పాలిపోయిన తెల్లటి, తేలికైన కట్టె తప్ప మరేమీ ఉండదు. వాసన అసలే ఉండదు. పురుగు తొలిచినప్పుడో, కొమ్మ విరిగినప్పుడో, గాయమై లోపలికి బూజు చేరినప్పుడో చెట్టు ఆ భాగాన్ని కాపాడుకోవడానికి ఒక రకమైన బంకను ఊరిస్తుంది. ఏళ్ళ తరబడి ఆ బంక కట్టెలో ఇంకి, కట్టె నల్లబడి, బరువెక్కుతుంది. బాగా బంక పట్టిన ముక్క నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. ఆ నల్లని భాగమే ఊద్. దాని నుంచి తీసిన నూనె 'దహ్నుల్ ఊద్'.

ఏ చెట్టులో ఊద్ ఉందో బయట నుంచి చూసి నిక్కచ్చిగా చెప్పడం కష్టం. అందుకే అడవుల్లో ఆశకొద్దీ చెట్లను నరుకుతూ పోయారు. ఒకదానిలో దొరికితే పదింటిలో దొరకలేదు. ఫలితంగా అడవి అగరు దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. మన దేశంలో పెరిగే అగరు రకాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో 1995లో చేర్చారు. 2004లో మిగతా రకాలన్నింటినీ చేర్చారు. ఇప్పుడు అస్సాం, సిల్హెట్‌లలోనూ, తూర్పు దేశాల్లోనూ తోటలు పెంచి, చెట్లకు కావాలనే గాయం చేసి ఊద్ పట్టిస్తున్నారు. చెట్టు గాయం నుంచి పరిమళం పుట్టడాన్ని సబ్ర్‌కు ఉదాహరణగా ప్రసంగాల్లో చెప్పడం మనం వింటుంటాం. చెప్పుకోవచ్చు. అయితే ఆ చెట్టు పట్ల మనిషి చూపిన అత్యాశను కూడా ఆ ప్రసంగంలోనే చెప్పుకుంటే బాగుండునని మా అభిప్రాయం.

హదీసుల్లో ఊద్

అగరు కట్టెను హదీసుల్లో 'అలువ్వహ్' అనే పేరుతో పేర్కొనడం జరిగింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ధూపం వేసుకునేటప్పుడు ఏమీ కలపని అలువ్వహ్‌ను కాల్చేవారనీ, ఒక్కోసారి దానిపై కర్పూరం వేసేవారనీ, దైవప్రవక్త (సఅసం) ఇలాగే ధూపం వేసుకునేవారని చెప్పేవారనీ ఆయన శిష్యులు నాఫె తెలిపారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. స్వర్గవాసుల ధూపపాత్రల్లో ఉండేది అలువ్వహ్ అని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. కనుక ఊద్ ధూపం వేసుకోవడానికి ప్రవక్త ఆచరణలో స్పష్టమైన ఆధారం ఉంది.

అయితే ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దవలసి ఉంది. ఊద్ అమ్మేవారు కొందరు దుకాణాల్లో ఒక హదీసు రాసి పెడుతున్నారు. 'ఊద్ హిందీ'లో ఏడు రోగాలకు నివారణ ఉందన్నది దాని సారాంశం. హదీసు ప్రామాణికమైనదే. హజ్రత్ ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్సన్ (రజి) ఉల్లేఖించగా బుఖారీలో నమోదైంది. ఆమె పసిబిడ్డకు గొంతు నొప్పి వస్తే వేలితో అంగిలి నొక్కించి, ప్రవక్త (సఅసం) వద్దకు తీసుకువచ్చిన సందర్భం అది. పిల్లలను ఇలా ఎందుకు బాధపెడతారని వారించి, ఆయన ఈ మందును సూచించారు. కాని ఇక్కడ ఊద్ హిందీ అంటే అగరు కాదు, 'ఖుస్త్'. ఈ వివరణ బుఖారీలోని ఆ ఉల్లేఖనంలోనే ఉంది. ఖుస్త్ అంటే మన మూలికల దుకాణాల్లో దొరికే చెంగల్వ కోష్టు. అది కాశ్మీరు, హిమాలయ ప్రాంతాల్లో పెరిగే ఒక మొక్క వేరు. అరబీలో కట్టెనూ ఎండిన వేరునూ ఒకే 'ఊద్' మాటతో పిలవడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. ఈ హదీసు చూపించి అగరు నూనెను ఏడు రోగాల మందుగా అమ్మడం సరికాదు. ప్రవక్త (సఅసం) మాటను ఆయన చెప్పని వస్తువుకు అంటగట్టడం చిన్న విషయం కాదు. కొనేవారు కూడా జబ్బు నయమవుతుందన్న ఆశతో ఊద్ నూనెను పిల్లల ముక్కులో, నోటిలో వేయకూడదు.

వాసన ఎలా నడుస్తుంది?

గులాబీ అత్తరు చేతికి రాసుకుంటే మొదటి క్షణమే గులాబీ అని తెలిసిపోతుంది. ఊద్ అలా కాదు. దానికి ఓపిక కావాలి.

అస్సాం, సిల్హెట్ నూనెను అరబ్బులు 'హిందీ' అంటారు. దీనిని పాత పద్ధతిలో తీసేవారు ఊద్ ముక్కలను పొడిచేసి, చాలా రోజులపాటు నీళ్ళలో నానబెట్టి పులియనిస్తారు. తర్వాత బట్టీలో పెట్టి, ఆవిరి పట్టి, నీటిపై తేలిన నూనెను జాగ్రత్తగా తీస్తారు. బోలెడు కట్టె పెడితే చెమ్చాల లెక్కన నూనె వస్తుంది. ఆ పులియడం వల్ల హిందీ ఊద్ మొదటి వాసన చాలా ఘాటుగా ఉంటుంది. పచ్చి తోలు, పొగ, ఇంకా నిజం చెప్పాలంటే పశువుల కొట్టం గుర్తుకొస్తాయి. అలవాటు లేనివారు ముక్కు మూసుకుంటారు. పాడైపోయిన సరుకు అంటగట్టారని దుకాణదారుతో తగవు పడేవారూ ఉన్నారు.

అక్కడే ఆగిపోతే ఊద్ తెలియదు. అరగంట, గంట గడిచేసరికి ఆ ఘాటు అణుగుతుంది. తోలు వాసన మెత్తబడి, దాని కింద నుంచి కట్టె వాసన పైకి వస్తుంది. ఎండు ఖర్జూరం, తేనె, కొద్దిగా మసాలా దినుసుల ఛాయ తగులుతుంది. రెండు మూడు గంటల తర్వాత అది చర్మంలో కలిసిపోయి, దూరానికి కొట్టడం తగ్గించి, దగ్గరకు వచ్చినవారికే తెలిసేలా ఉంటుంది. చివరికి మిగిలేది తీయని, వెచ్చని కట్టె పరిమళం. పాత చెక్క పెట్టె తెరిచినప్పుడు బట్టల నుంచి వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుందంటే సరిపోతుందేమో. చర్మం మీద ఇది సాయంత్రం దాకా, బట్ట మీద రెండు మూడు రోజులు నిలుస్తుంది.

దీనికి కారణం ఉంది. ఏ సుగంధంలోనైనా తేలికైన పదార్థాలు ముందు ఎగిరిపోతాయి, బరువైనవి నిదానంగా పోతాయి. ఊద్ నూనెలో బరువైన పదార్థాల పాలు చాలా ఎక్కువ. నిమ్మ, నారింజ వాసనలు నిమిషాల్లో పోతే ఊద్ గంటల తరబడి ఉండటానికి కారణం ఇదే. మనిషి చర్మం వేడి, పొడితనం బట్టి కూడా నడక కాస్త మారుతుంది. అన్న పూసుకున్నది తమ్ముడి చేతి మీద వేరుగా అనిపించవచ్చు.

ప్రాంతాన్ని బట్టి కూడా తేడా ఉంది. 'కంబోడీ' ఊద్ మొదటి నుంచే తీయగా, పండిన పండులా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే నచ్చుతుంది. ఇండోనేషియా వైపు నుంచి వచ్చే రకాల్లో కొన్ని కర్పూరంలా చల్లగా, తేలికగా ఉంటాయి. అరబ్బు షేఖులు హిందీకే పెద్దపీట వేస్తారని ఇక్కడివారు కూడా దానికోసం ఎగబడటం అనవసరం. ముక్కుకు నచ్చనిదాన్ని పేరు కోసం పూసుకోవడం ఎందుకు?

ఇక 'ముఖల్లత్' అంటే కలిపినది అని అర్థం. ఊద్‌కు గులాబీ, కుంకుమపువ్వు, అంబర్, కస్తూరి వంటి వాసనలు జోడిస్తారు. ఇందులో ముందు గులాబీ, కుంకుమపువ్వు పలుకుతాయి. అవి తగ్గాక ఊద్ నడుమకు వస్తుంది. ఆఖరున అంబర్, కస్తూరి మెత్తదనం మిగులుతుంది. ఊద్‌కు గులాబీ ఎంతో బాగా నప్పుతుంది. గులాబీ తీపి ఊద్ ఘాటును కప్పుతుంది, ఊద్ గులాబీని ఎక్కువసేపు నిలబెడుతుంది.

చెక్కను కాల్చినప్పుడు వచ్చే వాసన నూనె వాసన కన్నా వేరుగా ఉంటుంది. చల్లగా ఉన్న చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా ఏమీ తెలియదు. వేడి తగిలాకే అందులోని బంక కరిగి పరిమళిస్తుంది. ఎర్రగా మండే బొగ్గు మీద నేరుగా పెడితే బంకతోపాటు కట్టె కూడా కాలి మాడు కంపు కొడుతుంది. అందుకని ఊద్‌దాన్‌లో బొగ్గు మీద పలుచగా బూడిద పరిచి, దానిపై చిన్న ముక్క ఉంచాలి. నురుగు కక్కుతూ బంక మరుగుతున్నంతసేపు వాసన తీయగా ఉంటుంది. తీపి తగ్గి పొగ కారంగా మారగానే ముక్కను తీసేయాలి. కిటికీలు తెరిచి ఉంచడం, చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉన్న గదిలో వేయకపోవడం తప్పనిసరి. మూసిన గదిలో మండే బొగ్గు ప్రాణానికే ప్రమాదం.

అమ్మకంలో అమానత్

ఒక తులం అసలైన ఊద్ నూనె వేల రూపాయల్లో ఉంటుంది. మేలు రకమైతే అంతకు ఎన్నో రెట్లు. తులం అంటే పదకొండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. వెల ఎక్కడ ఎక్కువో మోసం అక్కడ ఎక్కువ. నూనెలో వాసనలేని ద్రవాలు కలిపి పలుచన చేస్తారు. కృత్రిమ ఊద్ వాసనను అసలు ఊద్ పేరుతో అమ్ముతారు. బంక లేని తెల్లచెక్కకు నూనె, నల్లరంగు పట్టించి మేలు రకమంటారు. మునిగితే అసలుదని జనం నమ్ముతారని బరువు కూడా ఎక్కిస్తారు. కనుక నీళ్ళలో మునగడం ఒక్కటే రుజువు కాదు.

దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగిలితే వ్యాపారిని నిలదీసిన సంఘటన మనకు తెలిసినదే. వాన పడి తడిసిందని అతను చెబితే, జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని అడిగారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు (ముస్లిం). ఊద్ సీసాకు ఈ హదీసు ఎంత చక్కగా వర్తిస్తుందో చూడండి. ధాన్యపు రాశికి పైపొర ఉన్నట్టే పరిమళానికి తొలి వాసన ఉంటుంది. పైపొర బాగుండేలా చేసి లోపల ఉన్నదాన్ని దాచడం రెండుచోట్లా ఒకటే. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పుకొని, లోపం ఉంటే వెల్లడించుకుంటే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం).

ఇందులో ఒక సంగతి విడదీసి చూడాలి. కృత్రిమ వాసన అమ్మడం హరామ్ కాదు. కలిపిన అత్తరు అమ్మడం తప్పు కాదు. వంద రూపాయల సీసా బీదవాడికి కూడా పండుగ రోజు సువాసన ఇస్తుంది, అది మంచి విషయమే. దానిమీద 'ఖాలిస్' అని రాయడం తప్పు. రుచి చూపించేది ఒక సీసా, నింపి ఇచ్చేది మరో సీసా కావడం తప్పు. ముస్లిం సోదరుడు గడ్డం చూసి నమ్మి కొంటే, ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడం మరీ తప్పు.

కొనేవారికి మేము ఇచ్చే సలహా ఒకటే. దుకాణంలో మూత తీసి వాసన చూసి డబ్బు ఇచ్చేయకండి. మణికట్టు మీద ఒక చుక్క రాయించుకొని, రుద్దకుండా వదిలేసి బయటికి వచ్చేయండి. జుహర్ ముందు రాయించుకుంటే అస్ర్ తర్వాత మళ్ళీ చూసుకోండి. అసలు ఊద్ ఈపాటికి రెండుసార్లైనా రూపు మార్చి ఉంటుంది. మొదట ఎలా ఉందో చివరికీ అలాగే ఒకే తీరుగా కొడుతుంటే, లేదా గంటలోనే మాయమైతే అనుమానించాలి. ఇది కూడా నూటికి నూరుపాళ్ళ పరీక్ష కాదు, ఆరితేరిన కల్తీదారు దీన్నీ దాటగలడు. కాని చాలా మోసాలు ఇక్కడే బయటపడతాయి. నిజాయితీగల వ్యాపారి ఈ కొన్ని గంటల గడువుకు విసుక్కోడు.

ఇంత చెప్పాక, అప్పు చేసి ఊద్ కొనవలసిన అవసరం ఎవరికీ లేదని కూడా చెప్పాలి. జుమా సుగంధం గురించిన హదీసులో ఉన్నది ఇంట్లో ఉన్న సుగంధం గురించే. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనంలోనైతే, మరేదీ లేకపోతే ఇంటి ఆడవారి సుగంధమైనా సరే అన్న వెసులుబాటు కూడా ఉంది (ముస్లిం). పెళ్ళికొడుక్కు ఊద్ పెట్టెలు ఇచ్చి తీరాలని ఆడపిల్ల తండ్రిని ఒత్తిడి చేసే కొత్త పోకడ సుగంధాన్ని కట్నంలో భాగం చేస్తోంది. దుబారా గురించి బనీ ఇస్రాయీల్ సూరా (17:26-27) చేసిన హెచ్చరిక ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

వాడేటప్పుడు

పురుషుల సుగంధం వాసన తెలిసేది, రంగు కనబడనిది కావాలనీ, స్త్రీలది రంగు కనబడేది, వాసన బయటికి పొక్కనిది కావాలనీ తిర్మిజీ, నసాయీలలో ఉంది. ఊద్ నూనె ముదురు గోధుమరంగులో ఉంటుంది, తెల్లని లాల్చీ మీద పడితే మరక పోదు. చేతికి, చెవి వెనుక రాసుకోవడమే మేలు. ఇంట్లో భర్త కోసం స్త్రీ ఊద్ వాడుకోవడంలో అభ్యంతరమేమీ లేదు. కాని ధూపం పట్టించుకున్న స్త్రీ ఇషా నమాజుకు మస్జిదుకు రాకూడదని ప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు ముస్లింలో ఉంది. ఇక్కడే ఊద్ స్వభావం గమనించాలి. ధూపం పట్టిన బట్ట రెండు మూడు రోజులు వాసన వదలదు. రాత్రి ఇంట్లో ఊద్ వేసినప్పుడు గదిలో తగిలించిన బురఖాకు కూడా వాసన పడుతుంది. మర్నాడు దాన్నే వేసుకొని బజారుకు వెళితే, తాను ఏమీ పూసుకోలేదనుకున్నా వాసన వెంట వస్తుంది. ఊద్ వేసే గదిలో బయటికి వేసుకునే బట్టలు ఉంచకపోవడం సులువైన మార్గం.

జుమాకు వెళ్ళే పురుషులకు ఒక మాట. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దన్న ఆదేశం వెనుక పక్కవాడిని ఇబ్బంది పెట్టరాదన్న ఉద్దేశం ఉంది. హిందీ ఊద్ తొలి గంట వాసన అలవాటు లేనివారికి దాదాపు అంత ఇబ్బందే. దానిని మస్జిదు మెట్ల మీద కాకుండా, స్నానం కాగానే, నమాజుకు గంట ముందు, ఒక్క చుక్క రాసుకుంటే, సఫ్‌లో నిలబడే వేళకు పక్కవారికి తీయని భాగమే అందుతుంది.

హజ్, ఉమ్రాకు వెళ్ళేవారు ఇహ్రామ్‌కు ముందు శరీరానికి సుగంధం రాసుకోవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా ప్రవక్త (సఅసం)కు అలా రాసేవారు. కాని ఊద్ బట్టకు అంటితే వదలదు కాబట్టి ఇహ్రామ్ వస్త్రాలకు ధూపం పట్టించవద్దు. కాబా గోడలకు, గిలాఫ్‌కు ఊద్ రాస్తుంటారు. ఇహ్రామ్‌లో ఉన్నవారు తన్మయత్వంలో వాటిని హత్తుకుంటే చేతికి, బట్టకు సుగంధం అంటుతుంది, అందుకని కాస్త దూరం పాటించాలి.

రమజానులో రోజా ఉండి అత్తరు పూసుకోవడం వల్ల, దాని వాసన చూడటం వల్ల రోజా భంగం కాదు. ఊద్ పొగ సంగతి వేరు. ఊద్‌దాన్ దగ్గరకు తీసుకొని పొగను కావాలని లోపలికి పీల్చుకుంటే రోజా భంగమవుతుందని హనఫీ ధర్మవేత్తల తీర్పు. దానంతట అది గాలిలో వచ్చి ముక్కుకు తగిలితే ఏమీ కాదు. మస్జిదులో ఊద్ వేసే బాధ్యత ఉన్నవారు ఆ నెలలో అస్ర్‌కు వేయకుండా, ఇఫ్తార్, మగ్రిబ్ అయిన తర్వాత వేస్తే తరావీహ్ వేళకు పొగ సర్దుకొని పరిమళం మాత్రం మిగిలి ఉంటుంది.